విసుర్రాయి దగ్గర మొదలయ్యే చారు

చాప మీద ఎండుతున్న కందులు ఇటుక రంగులో ఉన్నాయి. గింజ తీరే అంత కాబోలు అనుకుని దగ్గరకు వంగుతారు. అది గింజ రంగు కాదు, మట్టి. ఒక్కో గింజకూ పలచగా పుట్టమన్ను పట్టి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. కింద గింజ కాస్త ముడుచుకుని, తోలు వదులై కనిపిస్తుంది.

"తొక్కకు బిడ్డా, ఇప్పుడే కలబెట్టిన," అంటుంది అవ్వ చూరు కింద నుంచే. చెప్పులు వాకిట్లో విడిచి, చాపను చుట్టి వెళ్ళి, ఆమెకు ఎదురుగా కూర్చుంటారు. అవ్వ కోడలి వైపు తిరిగి కోయలో ఏదో అంటుంది. ఇద్దరూ నవ్వుతారు. మీ గురించే అయి ఉంటుంది.

ఫిబ్రవరి చివరి రోజులు. ఖమ్మం నుంచి ఇక్కడికి వచ్చే దారిలో కొత్తగూడెం దాకా బొగ్గు లారీలు, పాల్వంచలో కరెంటు పొగగొట్టాలు, సారపాకలో కాగితం మిల్లు వాసన. వంతెన దాటి భద్రాచలంలో అడుగు పెట్టి, చర్ల రోడ్డు పట్టుకుంటే ఎడమ చేతి వైపు గోదావరి, కుడి చేతి వైపు అడవి. దుమ్ముగూడెం దాటాక కుడికి తిరిగిన మట్టిబాట మిమ్మల్ని ఈ గూడేనికి తెచ్చింది. టేకులు ఆకు రాల్చేశాయి. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఇంకా ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్.

మీరు వచ్చింది పప్పుచారు కోసం. పప్పుచారు ఎవరికి తెలియదు, కుక్కర్ మూడు కూతలు కూస్తే అయిపోయేదానికి ఇంత దూరం దేనికి అని ఇంట్లోవాళ్ళు అడిగే ఉంటారు. ఇక్కడ పొయ్యి ఇంకా వెలిగించలేదు. వెలిగించడానికి చాలా టైము ఉంది.

ముందు రోజుల పని మీరు చూడలేదు కాబట్టి కోడలు చెబుతుంది. కందులు ఒక పూట నానబెట్టారు. నీళ్ళు వంచేసి, పుట్టమన్ను జారుగా కలిపి, గింజ గింజకూ అంటేట్టు రెండు చేతులతో పట్టించారు. కుప్ప చేసి గోనె కప్పి రాత్రంతా ఉంచారు. ఆ తరవాత ఎండ, మళ్ళీ ఎండ, మధ్యమధ్య కలబెట్టడం. "ఎందుకు మట్టి?" అని మీరు అడుగుతారు. కోడలు అత్త వైపు చూస్తుంది. "పట్టియ్యకపోతే పొట్టు ఊడదు," అంటుంది అవ్వ. ఆమెకు అంతకంటే కారణం అక్కర్లేదు.

మనకు కావాలంటే ఉంది. శనగలు, మసూర్లు సులువుగా పొట్టు వదులుతాయి. కంది, పెసర, మినుము మొండివి. తోలుకూ పప్పుకూ మధ్య సన్నని బంక పొర ఉండి రెండింటినీ కరిపించి పట్టుకుంటుంది. నీళ్ళు తాగితే గింజ ఉబ్బి తోలు సాగుతుంది. ఎండితే లోపలి పప్పు ముడుచుకుంటుంది, సాగిన తోలు మాత్రం సాగినట్టే ఉండిపోతుంది. బంక వీగిపోతుంది. మట్టి ఆ తడిని మెల్లగా పీల్చుకుంటుంది, అదనంగా పురుగును కూడా దూరం పెడుతుంది. 1972లో పటాన్‌చెరులో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు పప్పు చేసే పాత పద్ధతులను పల్లెల్లో చూసి రాసుకున్నవాటిలో ఈ ఎర్రమట్టి పద్ధతి కూడా ఉంది. మిల్లుల్లో మట్టి బదులు నూనె రాస్తారు, వేడిగాలి తోలుతారు. పని అదే.

అవ్వ చారెడు గింజలు తీసి అరచేతుల మధ్య నలుపుతుంది. మట్టి దులిపి ఒక గింజ పంటికింద పెడుతుంది. మీకూ ఒకటి ఇస్తుంది. టక్కుమని రెండుగా విరుగుతుంది. "అయినయ్," అంటుంది. జల్లెడ వస్తుంది, మట్టి వేరవుతుంది. వాకిట్లో ఎర్రటి దుమ్ము లేస్తుంది. ఎండుమట్టి మీద తొలి చినుకు పడినప్పటి వాసన కాస్త, పచ్చిపప్పు వాసన కాస్త.

ఇక విసుర్రాయి. చూరు కింద గోడవారగా ఉన్నదాన్ని ఇద్దరూ కలిసి జరుపుతారు. మీరు చెయ్యి వేయబోతే కోడలు వద్దంటుంది. పై రాయి ఎత్తి, కింది రాతి నడుమ నిలిచిన కొయ్యకు పాతగుడ్డ పేలిక ఒకటి చుట్టి, మళ్ళీ పై రాయి దించుతుంది. ఆ పేలిక ఎందుకో అప్పుడే అర్థమైతే మీరు గట్టివారే. పిండికి రాళ్ళు ఒకదానితో ఒకటి రాసుకోవాలి. పప్పుకు రాసుకోకూడదు, గింజ పట్టేంత సందు ఉండాలి. పేలిక పై రాతిని ఆ కాస్త ఎత్తి పడుతుంది. సందు ఎక్కువైతే గింజ పలగకుండా జారిపోతుంది, తక్కువైతే నూక అవుతుంది. ఈ కొలత ఎక్కడా రాసి లేదు. అవ్వ రాయిని ఒక చుట్టు తిప్పి, శబ్దం విని, పేలికను ఒక మడత విప్పుతుంది.

గింజలు నడిమి బొక్కలోకి పోస్తుంటే రాయి గుర్రు మంటుంది, మధ్యలో టపటప పలుగుతున్న చప్పుడు. అంచు చుట్టూ పప్పు రాలుతుంది. అంత పసుపు మీరు సూపర్ బజారు పొట్లంలో చూసి ఉండరు. పొట్లంలో పప్పుకు మెరుపు ఉంటుంది. మిల్లులో పాలిష్ పట్టి పైపొడి తీసేస్తారు కాబట్టి. ఇక్కడ మెరుపు లేదు, పప్పు మీద పిండి పిండిగా ఉంది. అంచున అక్కడక్కడా ఎర్ర తోలు ముక్క కరుచుకుని ఉంది.

"నువ్వు తిప్పు," అంటుంది అవ్వ ఇప్పుడు.

పిడి పట్టుకుంటారు. మొదటి అయిదారు చుట్లు హాయిగా ఉంటుంది. తరవాత భుజం ఒకటుందని గుర్తొస్తుంది. కోడలు ఎదురుగా కూర్చుని అదే పిడి పట్టుకుని మీ చేతిని లాక్కుపోతుంది. మీరు తిప్పుతున్నానని అనుకోవడమే తప్ప తిప్పుతున్నది ఆమే. విసుర్రాయి గురించి ముచ్చటగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో పండగ ముందు పది కిలోలు విసిరినవాళ్ళు తక్కువ. ఇది ఆడవాళ్ళ భుజాల మీద తరతరాలుగా పడిన బరువు, ఆ మాట దాటవేసి రుచి గురించి మాట్లాడటం బాగుండదు.

అయినా రుచి గురించే మాట్లాడాలి, వచ్చింది దానికే. చేట అందుకుని అవ్వ చెరుగుతుంది. పొట్టు గాలికి ఎగిరి ఒక పక్కకు పోతుంది, పలగని గింజలు చేట అంచుకు చేరతాయి, నూక లోపల మిగులుతుంది. కంది గింజ బరువులో 15 శాతం దాకా తోలే. మంచి మిల్లులో వందకు 70 నుంచి 75 పాళ్ళు పప్పు చేతికి వస్తుంది. ఇంట్లో అంత రాదు; మిగతాది నూకగా, పిండిగా పోతుంది. కానీ ఇక్కడ "పోతుంది" అనే మాటకు అర్థం లేదు. పొట్టు మేకలకు. నూక చారుకు. అవ్వ పప్పును ఒక గంపలోకి ఎత్తి పక్కన పెట్టేసి, వంటకు నూకలు ఎక్కువగా ఉన్న అడుగుదాన్నే గిన్నెలో పోస్తుంది. మంచి పప్పు అమ్మకానికో చుట్టాలకో. ఇంటి చారు నూకతోనే.

ఆ నూకే చారుకు ప్రాణమని నేనంటాను. విడి బద్దలు ఉడికినా కొంత బద్దగానే ఉంటాయి, గుత్తితో ఎనపాలి. నూక నీళ్ళలో కలిసి కనపడకుండా పోయి చారును పట్టుకుంటుంది. పొట్లం పప్పులో అది ఉండదు, మిల్లులోనే వెళ్ళిపోతుంది.

నీళ్ళు తేవడానికి మీరూ కోడలి వెంట వెళతారు. గూడెంలో బోరింగు ఉంది, దాన్ని దాటి వాగులోకి దిగుతుంది. వాగు ఇసుకే. ఇసుకలో మోకాలి లోతు గుంత, చెలమ. ఊరిన నీళ్ళను సొరకాయ బుర్రతో ముంచి బిందెలో పోస్తుంది. "బోరింగు నీళ్ళకు పప్పు ఉడకదు," అంటుంది. బోరు నీళ్ళలో సున్నం, మెగ్నీషియం ఎక్కువైతే అవి పప్పులోని కణాల మధ్య ఉండే పెక్టిన్‌ను బిగించి పట్టుకుంటాయి. ఎంతసేపు మరిగినా బద్ద మెత్తబడదు. ఇసుకలో ఊరిన వాగు నీళ్ళు ఆ పని చేయవు. పట్నంలో పప్పు ఉడకలేదని కొట్టువాడితో తగాదా పడేవాళ్ళు ఒకసారి వేరే నీళ్ళతో వండి చూడాలి.

వాగు ఒడ్డు మీద ఒక కంది చేను కోసేసి ఉంది. మోళ్ళు మిగిలాయి. పత్తి సాళ్ళ మధ్య, జొన్న మధ్య వేస్తారు. జూన్‌లో పడ్డ గింజ జనవరికి కోతకు వస్తుంది. కంది ఎక్కడి నుంచో ఇక్కడికి వచ్చిన పంట కాదు. దాని అడవి పూర్వీకుడు కజానస్ కజానిఫోలియస్ ఇప్పటికీ బస్తర్‌లో, ఒడిశాలో, తూర్పు కనుమల్లో దొరుకుతుంది. మనిషి కందిని మొదట మచ్చిక చేసుకున్నది మధ్య, తూర్పు భారతంలోనే అని వృక్షశాస్త్రవేత్తల మాట. మీరు నిలబడ్డ ఒడ్డు నుంచి బస్తర్ ఎంతో దూరం లేదు. ఈ చుట్టుపట్ల నుంచి బయలుదేరిన గింజ తూర్పు ఆఫ్రికా చేరింది, ఆ ఖండం నుంచి బానిస ఓడలతో కరీబియన్ దీవులకు పోయింది. ఇప్పుడు వెనక్కి కూడా వస్తోంది: కందులు కొనడానికి మన దేశం 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. ప్రపంచంలో కంది ఎక్కువ పండించేదీ మనమే, కొనేదీ మనమే.

తిరిగి వచ్చేసరికి పొయ్యి రాజుకుంది. పొయ్యిలో ఉన్నది కందికంపే. అదే చేనుది. సన్నగా, ఎండి, చిటపటమంటూ త్వరగా అంటుకుంటుంది. మిగిలిన కంప దడి కట్టడానికి పోయింది. కంది కట్టె మంట మీద కందిపప్పు ఉడకడం చూసి మీరు ముచ్చటపడతారు. అవ్వకు అందులో వింతేమీ కనపడదు, ఇంకేం కాలుస్తారు?

నీళ్ళు తెర్లాకే పప్పు వేస్తుంది, మట్టి పోయేదాకా మూడు నాలుగు సార్లు కడిగి. చిటికెడు పసుపు. ఒక్క చుక్క ఆముదం, పొంగి పొయ్యిలో పడకుండా. నురగ తేలితే గరిటెతో తీసి పారేస్తుంది. మంట తగ్గిస్తుంది. ఇక కూర్చోవడమే.

కూర్చున్నప్పుడు కబుర్లు. కొత్త పంట ఏదైనా ఊరి దేవతకు పెట్టి, పండగ చేసుకున్నాకే నోట్లో పెడతారు ఇక్కడ. చిక్కుళ్ళకూ ఉంది, మామిడికీ ఉంది. ఆ నియమం వెనక లెక్క కూడా ఉంది: గింజ ముదరక ముందే కోసుకు తినేస్తే విత్తనం మిగలదు. భద్రాచలం గుళ్ళో రాముడికి నవమినాడు పెట్టేది వడపప్పు, పానకం. నానిన పెసరపప్పు, పొయ్యి ఎక్కనే ఎక్కదు. ఇక కల్యాణానికి తూర్పు గోదావరి కోరుకొండ నుంచి గోటి తలంబ్రాలు వస్తాయి, వడ్లను రోట్లో దంచకుండా, మిల్లుకు వేయకుండా, గోటితో ఒక్కొక్కటీ ఒలిచి. అది భక్తి కాబట్టి పేపర్లో పడుతుంది. ఈ చూరు కింది పని రోజువారీది కాబట్టి పడదు.

ఇంతలో పప్పు వాసన మారింది. పచ్చివాసన పోయి కమ్మగా వస్తోంది. అవ్వ గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కుతుంది, మధ్యలో పలుకు లేదు. పప్పుగుత్తి పెట్టి నాలుగు తిప్పులు తిప్పుతుంది. ఇప్పుడే చింతపండు, ముందు కాదు. మీరు ఇంట్లో టైము కలిసొస్తుందని అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసే రకమైతే ఇక్కడ కాస్త చెవి పెట్టండి. ఉడకని పప్పుకు పులుపు తగిలితే బద్ద ఇక మెత్తబడదు. సున్నం నీళ్ళలా పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. ఉడికాక పోస్తే ఏ నష్టమూ లేదు.

చింతపండు ఈ ఏటిది, ఇంకా తడి ఆరలేదు, రంగు లేతగా ఉంది. గింజ తీయడం ఇంకా కాలేదని కోడలు మూలనున్న కుప్ప చూపిస్తుంది. గింజ తీసింది గిరిజన సహకార సంస్థ వాళ్ళకో సంతలో వ్యాపారికో పోతుంది. 1956లో పెట్టిన ఆ సంస్థ చింతపండు, ఇప్పపువ్వు, జిగురు లాంటివి కొనడానికి పుట్టింది. ఏ ఏడు ఎవరు ఎంత ధర పెట్టారన్నది ఈ వాకిట్లో ఇట్టే చెప్పేస్తారు.

పులుసు పోశాక గిన్నె నిండా నీళ్ళు. మీరు "అవ్వా, పలచనైపోతుందేమో" అనబోయి ఆగుతారు. పట్నంలో పప్పుచారు అన్నంలో నిలబడేలా చేస్తాం. ఇది తాగేది. ఉప్పు, రెండు ములక్కాడలు, చితక్కొట్టిన ఉల్లిగడ్డ. మళ్ళీ మంట పెరుగుతుంది. గిన్నె అంచుల వెంట చారు ఉడుకుతూ మధ్యలోకి ముడుచుకుంటుంది, అడుగు నుంచి నూక పైకి లేచి మళ్ళీ మునుగుతుంది.

పోపు నూనె గురించి ఒక చిన్న గొడవ. ఒకప్పుడు ఇప్పనూనె. ఇప్పగింజల నుంచి తీసేది, చలికాలం పేరుకుపోయేది, కాస్త చేదు. అవ్వకు దాని మీద ఇంకా మనసుంది. కోడలు పామాయిల్ పొట్లం విప్పుతుంది. అశ్వారావుపేట, అప్పారావుపేట ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు ఇదే జిల్లాలో ఉన్నాయి కనుక ఇదీ స్థానికమే అని ఎవరైనా వాదించవచ్చు. ఆవాలు, జీలకర్ర, పొట్టుతోనే దంచిన వెల్లుల్లి, కరివేపాకు. ఎండుమిరపకాయలు తేజ రకం, కానీ తాలు కాయలు: రంగు పోయి తెల్లబడి, ఖమ్మం మార్కెట్లో తక్కువ ధర పలికేవి. జనవరి నుంచి గోదావరి ఒడ్డు చేలల్లో మిరప ఏరుడు సాగుతుంది. ఈ గూడెం వాళ్ళూ పోతారు, ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలూ వస్తాయి. తాలు కాయకు రంగు లేదు గానీ ఘాటు ఉంది. పోపు గిన్నెలో పడగానే చూరు కింద ముగ్గురూ దగ్గుతారు, అవతల కట్టేసిన మేక కూడా.

తినడం మోదుగ డొప్పల్లో. అడ్డాకు విస్తట్లో రేషన్ బియ్యం అన్నం, పక్కన నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ముందు డొప్పతో చారు తాగమంటుంది అవ్వ. పెదాలకు ఆకు పసరు తగులుతుంది, తరవాత వేడి, తరవాత పులుపు, చివరికి గొంతులో కారం. ఆ మధ్యలో ఎక్కడో పుట్టమన్ను ఛాయ ఉందా? నాకైతే ఉందనిపిస్తుంది; మూడు నాలుగు నీళ్ళు కడిగాక ఏముంటుందని కోడలు నవ్వుతుంది. ఆమె మాటే నిజమై ఉండవచ్చు. కానీ నూక సంగతి మాత్రం నాలుకకే తెలుస్తుంది. చారు నీళ్ళలా కదులుతుంది, నోట్లో మాత్రం నీళ్ళలా ఉండదు.

చల్లని దేశాల్లో బఠానీ పప్పుతో ఇలాంటిదే కాస్తారు. స్వీడన్‌లో గురువారం గురువారం బఠానీ చారు తినే అలవాటు వందల ఏళ్ళది. వాళ్ళు ఉప్పు పట్టించిన పంది మాంసం వేస్తారు. ఇక్కడ ఎండుచేప పక్కన ఉంటుంది, లేదా పండగకు ఎండబెట్టిన మాంసం తునకలు చారులోనే ఉడుకుతాయి. పప్పుకు లేని ఉప్పు రుచిని, ఎండిన జంతువు రుచిని తోడు తెచ్చుకోవాలని రెండు చోట్లా తోచింది. చింతపండు మాత్రం వాళ్ళకు దొరకలేదు, పాపం.

రెండో డొప్ప తాగుతుండగా మాట గంపలోని మంచి పప్పు మీదికి మళ్ళుతుంది. కందులకు 2025–26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. కొట్టులో పప్పు ధర దానికి చాలా పైన. మధ్యలో ఉన్నది విసుర్రాయి పనే కదా, ఆ డబ్బు మనమే ఎందుకు చేసుకోకూడదు అని కోడలి ఆలోచన. సంఘంలో చిన్న పప్పుమిల్లు పెట్టాలని మాట నడుస్తోందట. అది వస్తే వచ్చే ఏడు మట్టి లేదు, రాయి లేదు.

"మిల్లుకు పోతే నూక ఎవరికి పోతది?" అంటుంది అవ్వ.

"మిల్లు మనదే అయితే నూకా మనదే గదా అత్తా."

"పొట్టు?"

"అదీ మనదే."

"తిప్పేది ఎవరు మరి?"

"కరెంటు."

అవ్వ కాసేపు ఎండుచేప ముల్లు తీస్తూ ఉంటుంది. "అయితే ఆ సందు సరిగ్గ పెట్టమను. బిగించిండంటే అంతా పిండే," అని, కోడలు పట్టించుకోకపోయే సరికి మీ వైపు తిరిగి, మిల్లులో ఆ సందు ఎట్ల పెడతరో పట్నంలో కనుక్కుని ఫోన్ చేయమంటుంది.